చీమల బారు దగ్గర

హాల్లో అందరూ ఊపుమీద వాయిస్తున్నారు. పిడుగు అనే పిల్ల కూడా వాయిస్తోంది. కనీసం చూసేవాళ్లకు అలాగే ఉంది.

నిజానికి పిడుగు కమాను వయొలిన్ తీగలకు తగలడం లేదు. వాటికి కాస్త పైన, గాలిలో అటూ ఇటూ పరుగులు తీస్తోంది. ఎడమచేతి వేళ్లు మాత్రం తెగ హడావుడి పడుతున్నాయి. ముఖం చూస్తే పాపం ఎంత కష్టపడుతోందో అనిపిస్తుంది.

అది వాళ్ల పేట ఆర్కెస్ట్రా. ఆదివారం మధ్యాహ్నాలు లైబ్రరీ పైనున్న హాల్లో చేరతారు. వాయించడం ఎవరికీ ఉద్యోగం కాదు, అందరికీ సరదా. ముందు నిలబడి చేతులు ఊపే కండక్టరుగారు అసలు బస్సు డ్రైవరు. వారమంతా డ్రైవరు, ఆదివారం కండక్టరు అని అందరూ ఆయన్ని ఆటపట్టిస్తారు.

ఆ పిల్ల అల్లరి భరించలేక వాళ్ల నాన్న పెట్టిన పేరు పిడుగు. పదేళ్లకే పెద్దవాళ్ల ఆర్కెస్ట్రాలో చోటు దొరికింది. పళ్ల డాక్టరైన పెద్దమ్మ పక్కన కూర్చుని, ఒకే స్టాండు మీది కాగితం చూసి ఇద్దరూ వాయిస్తారు. వాళ్ల వెనక లెక్కల మాస్టారు, టైలరు బాబాయి. ఈ నలుగురూ సెకండ్ వయొలిన్లు, అంటే వయొలిన్లలో రెండో జట్టు.

కచేరీ కోసం కొత్త పాట మొదలుపెట్టారు. అందులో సెకండ్ వయొలిన్లు వాయించాల్సిన వరుస ఒకటి ఉంది. కాగితం మీద స్వరాల నల్లటి చుక్కలు బెల్లానికి పట్టిన చీమల్లా కిక్కిరిసి ఉంటాయి. అందుకే దానికి చీమల బారు అని పేరు పెట్టుకున్నారు. అది అయిపోగానే ట్రంపెట్ వాయించే పోస్ట్‌మాన్ మామయ్య ఒక్కడే వాయించాలి. ఇన్నేళ్లలో అతనికి ఒంటరిగా వాయించే చోటు రావడం ఇదే మొదటిసారి. వీధిలో ఉత్తరాలు పంచుతూ కూడా ఆ పాటే ఈలవేస్తున్నాడు.

పిడుగుకి చీమల బారు కొరుకుడు పడలేదు. మొదట్లో ఒకసారి, తప్పు వాయిస్తే బాగోదని కమాను కాస్త పైకెత్తింది. ఎవరూ కనిపెట్టలేదు. మరుసటి వారమూ అంతే. ఇంట్లో అమ్మ అడిగితే, "ఓ, వచ్చేసింది" అనేసింది. రాలేదని తెలిస్తే చిన్నపిల్లల క్లాసుకి తిరిగి పంపేస్తారని భయం. అక్కడ ఇంకా కమాను పట్టుకోవడమే నేర్పుతున్నారు. అయినా తనొక్కతి వాయించకపోతే ఏం, ముగ్గురు పెద్దవాళ్లు ఉన్నారుగా.

"ఆగండాగండి," అన్నారు కండక్టరుగారు.

అందరూ ఆపేశారు.

"ట్రంపెట్లూ, ఫస్ట్ వయొలిన్లూ కాసేపు ఊపిరి పీల్చుకోండి. మీ హోరులో చీమల బారు నలిగిపోతోంది. సెకండ్ వయొలిన్లు మాత్రం వాయిస్తారు. ఎంత బాగుంటుందో మిగతావాళ్లు వినండి."

పిడుగు గుండె గుభేలుమంది. మళ్లీ వెంటనే సర్దుకుంది. ముగ్గురు ఉన్నారుగా అనుకుంది.

ఆయన చెయ్యి ఊపారు. నాలుగు కమాన్లు ఒక్కసారిగా కదిలాయి.

ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

అంతే. తీగల మీద వేళ్లు టకటకలాడుతున్నాయి. కింద వీధిలో ఎవరో స్కూటరు స్టార్ట్ చేస్తే, అదీ వినిపించింది. వయొలిన్ మాత్రం ఒక్కటీ మోగలేదు.

పిడుగు పక్కకు చూసింది. పెద్దమ్మ కమాను గాలిలో ఉంది. వెనక్కి తిరిగింది. మాస్టారి కమానూ గాలిలోనే ఉంది. టైలరు బాబాయిది మరీ జానెడు పైన ఉంది.

పిడుగుకి దిమ్మతిరిగిపోయింది. స్కూల్లో తనకి లెక్కలు చెప్పేది ఈ మాస్టారే. ఒక్క స్టెప్పు ఎగ్గొడితే మార్కు కోసేస్తారు. అలాంటి ఆయన వరుస మొత్తం ఎగ్గొట్టారు.

కండక్టరుగారి చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. తర్వాత ఆయన కుర్చీలో కూలబడ్డారు.

"ఎవరూ వాయించట్లేదా?"

నలుగురూ నేలచూపులు చూశారు.

"డాక్టరుగారు వాయిస్తున్నారు కదా అని..." టైలరు బాబాయి నసిగాడు.

"నేనా?" పెద్దమ్మ తెల్లబోయింది. "మాస్టారుగారు వాయిస్తున్నారనుకున్నాను నేను."

"నాకు ముందు కుర్చీల్లోంచి వినిపిస్తున్నట్టే ఉండేదమ్మా," అన్నారు మాస్టారు. "అవి ఫస్ట్ వయొలిన్లన్నమాట."

పెద్దమ్మ పిడుగు వైపు తిరిగింది. "నువ్వు కూడానా? నీ ముఖం చూసి, ఇంత చిన్నపిల్లకి వచ్చేసింది, నాకు రాలేదంటే పరువుపోతుందని నోరు మూసుకున్నానే."

పిడుగు స్టాండు మీది కాగితం చాటుకి జరిగింది.

"నాకు వారం వారం వినిపించేది," అన్నారు కండక్టరుగారు, ఇంకా తేరుకోకుండా. "నా బుర్రలోనే మోగిందన్నమాట." ఆయన లేచి కాగితాలు సర్దడం మొదలుపెట్టారు. "వచ్చే వారమే కచేరీ. ఇక లాభం లేదు. ఈ పాట తీసేద్దాం."

పోస్ట్‌మాన్ మామయ్య ట్రంపెట్‌ని బట్టతో తుడిచి, పెట్టె మూత తెరిచాడు.

పిడుగుకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పెట్టె మూత పడకుండా ఆపాలి. ఎలా ఆపాలో తెలియలేదు. కమాను తీసుకుని తీగ మీద ఆనించింది. గట్టిగానే ఆనించింది.

కీచుమంది. అంత పెద్ద చప్పుడు తన వయొలిన్‌దేనా అని పిడుగే ఉలిక్కిపడింది. రెండో స్వరం తప్పు. మూడోది కూడా తప్పే. ఆగింది, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది. చీమల బారు కుంటుకుంటూ సగం దూరం వచ్చి ఆగిపోయింది.

"నాకు ఇంతే వచ్చు," అంది పిడుగు. "నన్ను పిల్లల క్లాసుకి పంపేస్తారా?"

"పంపితే నలుగుర్నీ పంపాలి," అన్నారు కండక్టరుగారు. "ఆ బుల్లి కుర్చీల్లో మీ మాస్టారు పడతారా?"

మాస్టారు నవ్వలేదు. వయొలిన్ గడ్డం కింద పెట్టుకున్నారు. "నాకు అంత కూడా రాదు. మళ్లీ వాయించమ్మా. స్టెప్పు స్టెప్పుగా వద్దాం."

పెద్దమ్మ కమాను కూడా తీగ మీదికి దిగింది. ఆ తర్వాత టైలరు బాబాయిది. నాలుగు వయొలిన్లూ కలిసి మోగితే విన్నవాళ్లు చెవులు మూసుకోవాల్సిందే. అయినా ఎవరూ మూసుకోలేదు.

"ఫస్ట్ గేర్‌లో," అన్నారు కండక్టరుగారు, కాగితాలు మళ్లీ పరుస్తూ. "నెమ్మదిగా పోనివ్వండి. కచేరీలో కూడా నెమ్మదిగానే పోదాం."

పోస్ట్‌మాన్ మామయ్య ట్రంపెట్‌ని మళ్లీ ఒళ్లో పెట్టుకున్నాడు.

వారమంతా సాయంత్రాలు పెద్దమ్మ క్లినిక్ మూసేసి, వయొలిన్‌తో నేరుగా పిడుగు వాళ్లింటికే వచ్చింది. అమ్మ వంటింటి తలుపు వేసుకుని మరీ భరించింది.

కచేరీ రోజు హాలు నిండిపోయింది. చీమల బారు వచ్చింది. సగంలో పిడుగు వేలు జారింది. తప్పు స్వరం హాలంతా వినిపించేలా మోగింది. కమాను పైకి లేవబోయింది.

పిడుగు దాన్ని లేవనివ్వలేదు. తర్వాతి స్వరం మీదికి లాగింది. అప్పుడు పక్కనుంచి కాస్త గరగరలాడుతూ పెద్దమ్మ వయొలిన్ వినిపించింది. వెనకనుంచి మరో రెండు వినిపించాయి. నలుగురూ కలిసి వరుస చివరికి చేరారు.

అక్కడ ట్రంపెట్ అందుకుంది.