చంపని మందు

డాక్టర్ కుర్చీలోనే చచ్చిపోయి ఉన్నాడు. గొంతు ఈ చెవి నుంచి ఆ చెవి దాకా తెగింది. మైక్రోస్కోప్ మీద నెత్తురు ఇంకా ఆరలేదు.

"విదేశీ ముఠా పనే," అన్నాడు చీఫ్. "వాళ్ళు కేన్సర్ కణాల్ని చంపే మందు అమ్ముకుంటారు. ఈయన మందు చంపదు. తాను ఎదక్కుండా పిల్లల్ని కంటూ పోయే కణాన్ని పెంచి పెద్ద చేస్తుంది. పెద్దదయ్యాక అది ఒద్దికగా తన పని చూసుకుని, వయసయ్యాక తనే పోతుంది."

"మన ఆఫీసులో కొందరికి పట్టించొచ్చు సార్," అన్నాడు ఏజెంట్ డేగ.

జోకైతే వేశాడు గానీ, అతని కళ్ళు మందు సీసా కోసం వెతుకుతున్నాయి. ఆ మందు మొట్టమొదట ఎక్కించేది అతని చెల్లెలికే. ఆమె నెత్తురులోనే కేన్సర్.

"ఉన్నది ఒక్కటే సీసా. మన ఏజెంట్ చిలక దాన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళింది. ఏడాదిగా డాక్టర్ అసిస్టెంట్ వేషంలో ఉన్నది తనే. ముఠా అక్కడికీ వస్తుంది, వెళ్ళు!" అన్నాడు చీఫ్.

డేగ వార్డ్‌బాయ్ యూనిఫాం తొడిగాడు. నేల తుడిచే కర్రలో చప్పుడు చెయ్యని తుపాకీ. తూటా మాత్రం ఒక్కటే. గాడ్జెట్స్ సెక్షన్ పిసినారితనం తగలెయ్య!

ఆస్పత్రి మెట్ల మీద ఒకడు కత్తి దూశాడు. డేగ వాడి మణికట్టు విరిచి, ఆ కత్తినే వాడి పక్కటెముకల్లో దింపాడు. రెండోవాడు వెనక నుంచి మెడకి వైరు బిగించాడు. డేగ వాడితో సహా వెనక్కి దొర్లాడు. మెట్టు అంచుకి వాడి తల పుచ్చకాయలా పగిలింది.

గదిలో చెల్లెలు మత్తులో ఉంది. మంచం పక్కన ఎర్ర లిప్‌స్టిక్, తెల్లకోటు. చిలక సిరంజి నింపుతోంది.

"వానొచ్చేట్టుందా?" అన్నాడు డేగ.

"గొడుగు తెచ్చాను." కోడ్ సరిపోయింది. ఆమె తియ్యగా నవ్వింది. "బెంగపడకు. పొద్దున మీ చెల్లి నెత్తురు చుక్కలో ఈ మందేసి చూశా. కేన్సర్ కణాలన్నీ చచ్చాయి. ఒక్కటి మిగిలితే ఒట్టు!"

సూది సెలైన్ గొట్టంలో దిగింది.

డేగ నవ్వబోయి ఆగిపోయాడు. చచ్చాయా? ఆ ల్యాబ్‌లో కణాలు చస్తే అందరూ తల పట్టుకుంటారు. 'పెద్దవయ్యాయి' అంటేనే సంబరం. ఏడాది తెల్లకోటు వేసుకున్నా ఈవిడ నాలుక ముఠా దగ్గరే ఉండిపోయింది. ఓరి దేవుడో, ఆ సిరంజిలో ఉన్నది విషం! చెల్లెలు చస్తే నింద డాక్టర్ మందు మీదికే పోతుంది.

ఆమె బొటనవేలు సిరంజిని నొక్కబోయింది.

డేగ కర్ర ఎత్తి పేల్చాడు. సిరంజితో పాటు రెండు వేళ్ళు ఎగిరి గోడకి కొట్టుకున్నాయి. ఆమె ఎడమచేత్తో సర్జికల్ బ్లేడు లాక్కుని అతని భుజం చీల్చింది. అతను సెలైన్ గొట్టం పీకి ఆమె మెడకి చుట్టాడు.

"అసలు సీసా ఏదే?"

"వెతుక్కో!" అని మొహాన ఉమ్మింది.

కాళ్ళు కొట్టుకోవడం ఆగేదాకా అతను వదల్లేదు. ముఠాకి అప్పజెప్పడానికి దాచుకున్న సీసా ఆమె కోటు లోపలి జేబులో దొరికింది. పరుగెత్తుకొచ్చిన నర్సు సీలు చూసి, కొత్త గొట్టం బిగించి మందు ఎక్కించింది.

సాయంత్రానికి చెల్లెలు కళ్ళు తెరిచింది. అన్న చొక్కా చూసి బెదిరిపోయింది.

"అన్నయ్యా! ఆ నెత్తురెవరిది?"

"నీది కాదులేవే. నీ నెత్తురికి ఇప్పుడిప్పుడే బుద్ధొస్తోంది, దాని జోలికి నేనెందుకెళ్తాను?"