చుక్కలు పడని పాస్‌వర్డ్

హెల్ప్‌డెస్క్ ఆఫీసరు కుర్చీలోనే చచ్చిపోయాడు. మెడ వెనక సూది గుచ్చిన గుర్తు. ఎదురుగా కంప్యూటర్ మాత్రం ‘అప్‌డేట్ జరుగుతోంది, దయచేసి ఆపకండి’ అని వినయంగా వేడుకుంటూనే ఉంది.

“దాన్ని ఆపబోయాడు. అందుకే పోయాడు,” అన్నాడు చీఫ్.

ఏజెంట్ చిరుత చూస్తున్నది శవాన్ని కాదు. కిటికీ అద్దంలో తన క్రాఫ్‌ని. డిపార్ట్‌మెంట్‌లో అతనంత అందగాడు లేడన్న విషయం ముందు కనిపెట్టింది అతనే. ఇప్పటిదాకా ఇంకెవరూ కనిపెట్టలేదు.

“విను,” చీఫ్ గొంతు తగ్గించాడు. “మన ఆఫీసులోనూ, రైల్వే సిగ్నల్ గదిలోనూ ఒకటే సిస్టమ్. ఖరీదైన విదేశీ సరుకు. దాని అప్‌డేట్‌లోకి శత్రుదేశపు గొడుగు ముఠా దూరింది. రేపు మధ్యాహ్నం పన్నెండింటికి జంక్షన్‌లో సిగ్నళ్లన్నీ ఒకేసారి పచ్చబడతాయి. రెండు ఎక్స్‌ప్రెస్‌లు ఎదురెదురుగా ఒకే పట్టాల మీదికొస్తాయి.”

“రైళ్లు రద్దు చేసేద్దాం.”

“చేస్తే మనకి తెలిసిందని వాళ్లకి తెలుస్తుంది. ఇంకో రోజు, ఇంకో జంక్షన్ చూసుకుంటారు. అదెక్కడో మనకి తెలీదు.” చీఫ్ ఆగాడు. “ఆ రెండు ఎక్స్‌ప్రెస్‌ల్లో ఒకటి నడిపేది మీ ఆవిడ.”

చిరుత మొదటిసారి అద్దం మీంచి చూపు తిప్పాడు. అతని భార్య లోకో పైలట్. సెలవు పెట్టమంటే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెబితే తప్పకుండా డ్యూటీకి వెళ్తుంది.

చీఫ్ టేబుల్ మీద ఒక పెన్ డ్రైవ్ పెట్టాడు. “ఇందులో వేరే ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. ఓపెన్ సోర్స్. లోపల ఏముందో ఎవరైనా విప్పి చూసుకోవచ్చు. దొంగచాటుగా దూరడం అంత తేలిక కాదు. సిగ్నళ్లని ఎరుపు మీద బిగించే ప్రోగ్రామ్ దీని మీదే నడుస్తుంది.”

“ఎంతయింది సార్?”

“ఉచితం.”

చిరుత దాన్ని చచ్చిన బొద్దింకని పట్టుకున్నట్టు రెండు వేళ్లతో ఎత్తాడు. “ఊరికే వచ్చింది ఏం పనిచేస్తుంది సార్?”

“జీతం తీసుకునేవాళ్లు ఏం పనిచేస్తున్నారో రోజూ చూస్తున్నాగా. వెళ్లు. ఎవరికీ చెప్పకు.”

లిఫ్ట్‌లో ముత్యం కలిసింది. ఆ విదేశీ కంపెనీ తరఫున డిపార్ట్‌మెంట్ కంప్యూటర్లు చూసుకునే సపోర్ట్ ఆఫీసర్. చెవులకి ముత్యాలు, కళ్లకి కాటుక, గొంతులో తేనె. ఆ కంపెనీలో మనకోసం పనిచేస్తున్న గూఢచారి ఆమేనని డిపార్ట్‌మెంట్ నమ్మకం. డిపార్ట్‌మెంట్ చాలా నమ్ముతుంది.

“ఏంటండీ, ఇవాళ హుషారుగా ఉన్నారు?” అంది.

“రేపటినుంచి మీ అప్‌డేట్లతో మాకు పనుండదులెండి,” అన్నాడు చిరుత, పెన్ డ్రైవ్ వేలిమీద తిప్పుతూ. లిఫ్ట్ రెండంతస్తులు దిగింది. రహస్యం అంతకంటే కిందికి దిగిపోయింది.

ఆ సాయంత్రం టెక్నికల్ వింగ్‌లో శిక్షణ. నేర్పేది ప్రోగ్రామర్, సొంత మరదలు. పాత లాప్‌టాప్‌లో కొత్త సిస్టమ్ ఎక్కించి అతని ముందుకి తోసింది.

“సి డ్రైవ్ ఏది?”

“ఉండదు బావా.”

“యాంటీవైరస్?”

“ఇప్పుడు దీనికున్న వైరస్ నువ్వే. పాస్‌వర్డ్ పెట్టుకున్నావుగా? ఈ నల్లతెరలో కొట్టు.”

చిరుత కొట్టాడు. తెరమీద ఏమీ పడలేదు. మళ్లీ కొట్టాడు. లేదు. గుద్దినట్టు కొట్టి ఎంటర్ నొక్కాడు. ‘తప్పు. మళ్లీ ప్రయత్నించండి.’

“కీబోర్డు చచ్చింది,” అని లాప్‌టాప్ తిరగేసి ఊపాడు.

“అది ఉప్పు డబ్బా కాదు బావా.” మరదలు లాక్కుని సరిగ్గా పెట్టింది. “అక్షరాలు పడుతూనే ఉన్నాయి. కనపడవంతే. అక్షరానికో చుక్క చూపిస్తే పాస్‌వర్డ్ ఎంత పొడుగో వెనకున్నవాడు లెక్కపెట్టుకుంటాడు. నువ్వు ఒకే పాస్‌వర్డ్‌ని మూడుసార్లు అతికించి పంపావు. అందుకే తప్పంది.”

“ముందే చెప్పొచ్చుగా.”

“చెప్పాను. నువ్వు క్రాఫ్ దువ్వుకుంటున్నావు. ఒక్కసారి కొట్టు, ఎంటర్ నొక్కు, చేతులు తీసెయ్. ఇంకోటి. సిగ్నళ్లకి తాళం వేశాక తీయాలన్నా ఇదే పాస్‌వర్డ్. మూడుసార్లు తప్పితే అది ఎవరి మాటా వినదు. నేనొచ్చి విప్పాల్సిందే.” ఆమె చూపు మెత్తబడింది. “రేపు పొరపాటు చెయ్యకు బావా. బండిలో ఉండేది అక్క.”

మర్నాడు ఏసీ మెకానిక్ వేషంలో, అతికించిన మీసంతో చిరుత సిగ్నల్ గది చేరాడు. గుమ్మంలో మన మనిషి అడిగాడు. “ఎంత చల్లగా కావాలి?”

“మా మామగారి పలకరింపంత.”

కోడ్ సరిపోయింది. లోపల గోడంతా సిగ్నల్ బోర్డు. రెండు రైళ్లు రెండు చుక్కలై దగ్గరవుతున్నాయి. చిరుత సంచిలోంచి లాప్‌టాప్ తీసి కేబుల్ తగిలించాడు. ఒక్కసారి కొట్టాడు, ఎంటర్ నొక్కాడు, చేతులు తీశాడు. ‘తాళం పడింది.’ బోర్డు మీద దీపాలన్నీ ఎర్రబడ్డాయి.

అప్పుడు సెంటు వాసన వచ్చింది.

“మీసం ఊడుతోంది మెకానిక్ గారూ,” అంది ముత్యం. మెడలో కంపెనీ బ్యాడ్జి, చేతిలో పిస్తోలు. మరో చేత్తో అతని జేబులోంచి మత్తుమందు చిమ్మే పెన్ లాగి దూరంగా విసిరింది. “మీరు లిఫ్ట్‌లో చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. థాంక్స్.”

“నువ్వు మన మనిషివి కదా?”

“మీ దగ్గరా, ముఠా దగ్గరా జీతం తీసుకుంటాను. వాళ్లు టైముకి ఇస్తారు.” లాప్‌టాప్ తనవైపు తిప్పుకుంది. “దీన్ని పగలగొడితే తాళం లోపలే ఉండిపోతుంది. తీయాలంటే పాస్‌వర్డ్ అడుగుతోంది. చెప్పండి. లేదంటే మీ క్రాఫ్ పాడవుతుంది.”

పిస్తోలు నుదుటికి ఆనింది. బోర్డు మీద అతని భార్య బండి మెరుస్తూ జరుగుతోంది. చిరుతకి ఉప్పు డబ్బా గుర్తొచ్చింది. అతని ఉద్యోగంలో అతనికి వచ్చిన మొదటి ఆలోచన అదే.

“నేనే గొప్ప,” అన్నాడు. “ఇంగ్లీషు అక్షరాల్లో. మధ్యలో ఖాళీ లేకుండా.”

ముత్యం అతన్ని ఒక క్షణం చూసింది. “నిజమే చెప్పారు. మీరు ఇంకేం పెట్టుకుంటారు.”

ఒంటిచేత్తో కొట్టింది. తెర నల్లగా అలాగే ఉంది. ఆమె వాడిన యంత్రాలన్నీ ఖరీదైనవి. వేలు తగిలితే చాలు చుక్కలు పెడతాయి, చక్రాలు తిప్పుతాయి, స్వాగతం చెబుతాయి. ఇది ఉలకలేదు, పలకలేదు. మళ్లీ కొట్టి ఎంటర్ నొక్కింది. ‘తప్పు. మళ్లీ ప్రయత్నించండి.’

“కీబోర్డుకి ఏం చేశావ్?”

“ఊరికే వచ్చింది కదండీ,” అన్నాడు చిరుత వినయంగా. “గట్టిగా నొక్కాలి.”

గట్టిగా నొక్కుతూ రెండుసార్లు కొట్టి, ఎంటర్ నొక్కింది. తప్పు. గడియారం ముల్లు పన్నెండుని తాకబోతోంది. ముత్యం పిస్తోలు బల్లమీద పెట్టి, లాప్‌టాప్‌ని రెండు చేతులా ఎత్తి, తిరగేసి ఊపింది. మళ్లీ కింద పెట్టి పది వేళ్లతో దబదబా బాది, ఎంటర్ నొక్కింది.

‘ప్రయత్నాలు అయిపోయాయి.’

పన్నెండైంది. బోర్డు మీద దీపాలు ఒక్కసారి పచ్చగా వణికాయి, వెంటనే ఎర్రబడ్డాయి. తాళం పట్టు వదల్లేదు. దూరంగా రెండు ఇంజన్లు బ్రేకులతో కీచుమన్నాయి. ముత్యం పిస్తోలు కోసం చెయ్యి చాచింది. బల్ల ఖాళీగా ఉంది. పిస్తోలు చిరుత చేతిలో ఉంది.

గార్డులు ఆమెని తీసుకెళ్తుండగా ఫోన్ మోగింది. భార్య.

“ఎవడో పనికిమాలినవాడు జంక్షన్‌లో ఎర్ర సిగ్నల్ వేసి కూర్చున్నాడండీ. నా బండి ఎప్పుడూ లేటవలేదు, తెలుసా?”

“వెధవలు,” అన్నాడు చిరుత. అంతకంటే చెప్పడానికి అతనికి అధికారం లేదు.

తాళం విప్పడానికి మరదలు వచ్చింది. జరిగింది విన్నది, తెరవైపు చూసింది.

“పాస్‌వర్డ్ మార్చుకో బావా. అది ఇప్పుడు శత్రుదేశానికి కూడా తెలుసు.”

“తెలిస్తే మంచిదేగా?”

“తెలిసినా లాభం లేదులే. నేనే గొప్ప అని ఆవిడ అన్నిసార్లు మొత్తుకుంది. కంప్యూటర్ ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు.”