ఇద్దరు కావాల్సిన పని

"ఈ కారుని చివరిసారి ఎప్పుడు నడిపారు?"

ముందు చక్రం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తల తిప్పకుండానే అడిగింది ఆమె.

డ్రాయింగ్ మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "నడపడం అంటే... ప్రతి ఆదివారం కడుగుతానండి. పాలిష్ పెడతాను. కవర్ కప్పుతాను."

"నేనడిగింది కడగడం గురించి కాదు."

"నాలుగేళ్ళయింది," అన్నాడు నేల చూపులు చూస్తూ.

కారు తాతయ్యది. రెండే సీట్లు, పొడవాటి ముక్కు, ఎర్ర రంగు. నాలుగేళ్ళ కిందట ఆయన పోయాక మనవడికొచ్చింది. స్కూల్లో పిల్లలకి బొమ్మలు నేర్పే ఆ మనవడు దాని బొమ్మ ఇరవై ఏడుసార్లు గీశాడు గానీ, దాన్ని వీధి చివరిదాకా కూడా తీసుకెళ్ళలేదు. ఎక్కడ గీత పడుతుందోనని భయం. ఆ భయాన్నే ప్రేమ అనుకుంటూ వచ్చాడు.

షెడ్డు మాత్రం అక్కది. ఆదివారం అందులోకి అక్క కొత్త కుట్టు మిషన్లు దిగుతున్నాయి. "పొద్దున పదింటికల్లా కారు తనంతట తాను బయటికొస్తే ఉంచుకో. లేకపోతే తుక్కు లారీ ఎక్కిస్తా. వాళ్ళతో మాట్లాడేశాను కూడా," అని తేల్చి చెప్పింది. అక్క ఒకసారి అందంటే ఇక అంతే. ఉన్నచోటే అప్పుడప్పుడూ స్టార్ట్ చేస్తూ వచ్చాడు కాబట్టి ఇంజన్ పలికింది. కారు మాత్రం అంగుళం కూడా కదల్లేదు. కంగారుపడి గ్యారేజీకి ఫోన్ చేస్తే, పెద్ద మేస్త్రీ గారికి బదులు ఆయన కూతురు వచ్చింది. వీధిలో అందరూ చిన్న మేస్త్రీ అనేది ఈమెనే.

"మీ నాన్నగారు రారా అండీ?" అన్నాడు, నోరు జారి.

"వస్తారు. వచ్చి చూసి నన్ను పిలుస్తారు. మధ్యలో ఆయన్ని తిప్పడమెందుకని నేనే వచ్చాను."

మాస్టారు అడ్డు లేకుండా పక్కకి జరిగాడు.

చక్రం విప్పి లోపలికి టార్చి కొట్టిందామె. "ముందు కాలిపర్లు రెండూ పట్టేశాయి. డిస్కుని రెండు వైపులా బిగించి చక్రాన్ని ఆపేది ఇదే. బిగించడం గుర్తుంది, వదలడం మర్చిపోయింది. కడిగాక తడి మీదే కవర్ కప్పేవారా?"

"దుమ్ము పడుతుందని."

"ఆ నీళ్ళు లోపలే ఉండిపోయి కాలిపర్లలోని పిస్టన్లకి తుప్పు పట్టింది. శుభ్రంగా, ప్రేమగా పాడుచేశారు మాస్టారూ."

ఇంత చక్కగా తిట్టేవాళ్ళని అతడు ఇదివరకు చూడలేదు.

మర్నాడు పని మొదలైంది. సుత్తి దెబ్బలు పడతాయని అతడు చెవులు మూసుకోవడానికి సిద్ధమయ్యాడు. ఆమె సుత్తి ముట్టుకోనేలేదు. ముందు ఎర్ర రంగు మీద పాత దుప్పటి పరిచింది, బ్రేక్ ఆయిల్ చుక్క పడితే రంగు లేచిపోతుందట. తర్వాత కాలిపర్ సందులో చిన్న చెక్కముక్క పెట్టి, అతణ్ణి లోపల కూర్చోమంది.

"పెడల్ నొక్కండి. దాని బ్రేకు బలంతోనే దాని పిస్టన్ని బయటికి తోయిద్దాం. నెమ్మదిగా. తొందరపడితే అది ఎగిరి నా వేళ్ళ మీదికొస్తుంది."

ఆ వేళ్ళని తలుచుకుని అతడు ఊపిరి బిగబట్టి నొక్కాడు. నాలుగేళ్ళుగా బిర్రబిగుసుకున్నది కిర్రుమంటూ కాస్త కాస్తగా జరిగి, చివరికి టక్కున చెక్కని తాకింది. ఆమె ముఖం చంటిపిల్ల ముఖంలా వెలిగిపోయింది. తుప్పుపట్టిన ఇనుము కదిలినందుకు ఒక మనిషి అంత ఆనందపడటం చూసి అతడికి ముచ్చటేసింది.

"ఏంటలా చూస్తున్నారు?"

"చెంప మీద ఆయిల్... బాగుంది."

"ఆయిలా?"

అతడు స్టీరింగ్ తుడవడం మొదలెట్టాడు.

శుక్రవారం పిస్టన్లు మెరిశాయి, కొత్త రబ్బరు సీళ్ళు పడ్డాయి. శనివారం సాయంత్రం బ్రేకు ఆయిల్ గొట్టాల్లో చేరిన గాలి తియ్యడం మిగిలింది. బయట వాన అందుకుంది. షెడ్డు రేకుల మీద ఆ మోతకి ఒకరి మాట ఒకరికి వినపడక ఇద్దరూ గొంతు పెంచాల్సి వచ్చింది.

"ఇది ఇద్దరు కావాల్సిన పని. నేను 'నొక్కండి' అంటే నొక్కాలి. 'వదలండి' అనేదాకా కాలు తియ్యకూడదు. తీస్తే గాలి మళ్ళీ లోపలికెళ్తుంది, మొదట్నుంచీ చెయ్యాలి." ఆమె వెంట తెచ్చిన చిన్న పెట్టెని మూలన పెట్టి, పానా పట్టుకుని చక్రం దగ్గర కూర్చుంది.

"నొక్కండి."

"నొక్కాను."

పక్క అద్దంలో ఆమె కనిపిస్తోంది. నుదుటి మీద జుట్టు మోచేత్తో వెనక్కి తోసుకుంటోంది. అంతే, కాలు లేచిపోయింది.

"మాస్టారూ."

"సారీ అండీ."

ఇంకాసేపటికి మళ్ళీ అదే తప్పు. మూడోసారి కూడా. అరగంట పని రెండు గంటలు పట్టింది. ఆమె ఒక్కసారి కూడా విసుక్కోలేదు. టీ తెచ్చిన అక్క గుమ్మంలో నిలబడి ఇద్దర్నీ చూసి, గ్లాసులు పెట్టి వెళ్ళిపోయింది.

ఆదివారం తొమ్మిదిన్నరకి ఎర్ర కారు షెడ్డులోంచి బయటికొచ్చి, గేటు ముందు వెంట్రుకవాసి అటూ ఇటూ పోకుండా ఆగింది. అక్క చుట్టూ తిరిగి చూసి, లారీ వాళ్ళకి ఫోన్ చేసి వద్దని చెప్పింది. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది.

"కారు బాగైంది సరే. రేపట్నుంచి ఏం వంక పెట్టుకుని ఆ అమ్మాయిని పిలుస్తావు? తనని కూడా నాలుగేళ్ళు చూస్తూ కూర్చుంటావా?"

మాస్టారు సరాసరి గ్యారేజీకి పోనిచ్చాడు. దారిపొడవునా మాటలు కూడగట్టుకున్నాడు. తీరా వెళ్తే ఆమె లేదు. పెద్ద మేస్త్రీ ఒక్కడే ఒక వ్యాను చక్రం దగ్గర కూర్చుని బ్రేకుల్లో గాలి తీస్తున్నాడు.

"ఒక్కరే చేస్తున్నారేంటండీ? లోపల పెడల్ ఎవరు నొక్కుతారు?"

ఆయన గొట్టం తగిలించిన సీసా ఒకటి ఎత్తి చూపించాడు. "నేనే నొక్కి వచ్చి చూసుకుంటా. దీనికి గాలి వెనక్కి పోకుండా చిన్న మూత ఉంది బాబూ. రెండో మనిషి అక్కర్లేదు. మా అమ్మాయి కొన్నదే, మూడేళ్ళుగా ఇదే వాడుతోంది. నిన్న మీ ఇంటికి కూడా పట్టుకెళ్ళిందిగా."

మాస్టారికి షెడ్డు మూలన ఉన్న ఆమె పెట్టె గుర్తొచ్చింది. నిన్న సాయంత్రం ఆ పెట్టె మూత తెరవనేలేదు.

అంతలో ఆమె స్పేర్ పార్టుల సంచితో లోపలికొచ్చింది. అతణ్ణీ సీసానీ మార్చి మార్చి చూసింది. చెవులు ఎర్రబడ్డాయి.

"ఇద్దరు కావాలన్నారు," అన్నాడు నెమ్మదిగా.

"మీరు మూడుసార్లు కాలు తీశారు. మూడోసారి కావాలనే కదా?"

"రెండోసారి కూడా."

పెద్ద మేస్త్రీ దగ్గాడు. వ్యాను కింద ఏదో వెతుకుతున్నట్టు తల దూర్చేశాడు.

కూడగట్టుకున్న మాటలన్నీ అతడికి ఎగిరిపోయాయి. మిగిలిందే చెప్పాడు. "నాకు మీరంటే చాలా ఇష్టమండి. చూస్తూ కూర్చోవడం నాకు బాగా వచ్చు. అది చాలదని మీ దగ్గరే నేర్చుకున్నాను. ఆ రెండో సీట్లో ఎవరైనా కూర్చుని నాలుగేళ్ళయింది."

ఆమె సంచి బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుంటూ వ్యాను వైపు చూసింది. "నాన్నా, బ్రేకులు రోడ్డు మీద చూడాలి. వెళ్ళిరానా?"

"మంచి పని," అంది వ్యాను కింది గొంతు. "నిదానంగా చూసి రండి. మధ్యాహ్నం భోజనానికి ఇద్దరూ ఇక్కడికే రండి."

మొదటి మలుపు దాటాక ఆమె చెవి ఒగ్గి విని, కనుబొమలు ముడేసింది.

"గేరు మారుస్తుంటే గరగరమంటోంది మాస్టారూ. క్లచ్ గొట్టంలోనూ గాలి తియ్యాలి. దానికి మాత్రం నిజంగా ఇద్దరు కావాలి."

దానికి ఆ సీసా సరిపోదా అని అతడు అడగలేదు. "శనివారం సాయంత్రం రండి," అన్నాడు.