తొమ్మిది నిమిషాల కాపలా

పదిహేడో తలుపును చూసుకునే సుగుణ దాని జ్ఞాపకాన్ని వేరే పెట్టెలోకి నకలు తీసింది. తలుపు తెలివిని సరిదిద్దే అతుకు వికటిస్తే పాత రూపానికి మళ్లే దారి ఉందో లేదో సరిచూసుకుంది. ఉంది. నెలకోసారి, మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి, తీరం పొడవునా ఉప్పెనను ఆపే నలభై రెండు సముద్రపు తలుపులు తొమ్మిది నిమిషాలు కళ్లు మూసుకుని కొత్త తెలివితో లేస్తాయి. వాటిని నడిపే యంత్రబుద్ధి గట్టుమతికి ఆ కాసేపూ కెరటం కనపడదు.

ఈ నెల అతుకులో పద్నాలుగు మార్పులు. పదకొండో దాని దగ్గర ఆమె ఆగిపోయింది. తీరవాసుల నోటి హెచ్చరికలు వినే జనశ్రుతిని మూసేయాలట. అందులో నూటికి తొంభై ఆరు ఉత్త కబుర్లేనట.

నిజమైన ఒక కబురు సంగతి సుగుణకు తెలుసు. ఇరవై ఆరేళ్ల కిందట, సముద్రం నిమ్మళంగా ఉందని యంత్రాలన్నీ చెబుతున్న పూట, ఎవరో ప్రమాదమన్నారని ఈ తలుపు వేశారు. సాయంత్రానికి ఉప్పెన వచ్చి దాన్ని గుద్ది వెనక్కి పోయింది. అప్పుడామె చంటిపిల్ల. పాత చిట్టా తెరిచి ఆ చెప్పిన మనిషి పేరు వెతికింది. ఓలేటి వీరమ్మ.

మూడేళ్లుగా ప్రతి నెలా, అతుకుకు ముందు, నియమం ప్రకారం సుగుణ ఫోన్ చేసి హెచ్చరించే, గట్టు పక్క పేటకు పెద్ద ఆవిడే.

ఎప్పటిలాగే ఫోన్ చేసి, పన్నెండింటికి తలుపు ఆగుతుందని చెప్పింది.

"తెలుసమ్మా. మావోళ్లు అప్పుడే గట్టెక్కేశారు."

ఎందుకని అడిగింది సుగుణ.

"ఆ కాసేపు మీ తలుపు నిద్దరోతది గదా. ఎవురో ఒకరు సూడాలి. నెలనెలా ఎక్కుతానే ఉన్నాం."

సుగుణ ఆనాటి ఉప్పెన గురించి అడిగింది. నీళ్లు బురదరంగు తిరిగాయని, చూసి చెప్పామని వీరమ్మ అంది. "మీవోళ్లు ఇన్నారు. అది వాళ్ల మంచితనం."

"అప్పుడు నేను మీ పేటలోనే ఉన్నానమ్మా. మా అమ్మ చంకలో."

వీరమ్మ, అమ్మ కులాసానా అని అడిగింది.

"కులాసాయే. మీ దయ."

పదకొండూ నలభైకి సుగుణ తన సమ్మతిని ఆపేసింది. తలుపుకొకటి చొప్పున నలభై రెండు సమ్మతులూ అందితే తప్ప అతుకు ఎక్కడా దిగదు. కేంద్రం నుంచి అధికారి ధనుంజయరావు మాట్లాడాడు. తక్కిన పదమూడూ అవసరమైనవేనని, తీరమంతా నెల వెనకబడుతుందని, ఉద్యోగానికే ముప్పని నెమ్మదిగానే చెప్పాడు. పదకొండోది తీసేసి పంపితే ఈ క్షణమే ఎక్కిస్తానంది ఆమె. అలా విడదీసే వీలు లేదన్నాడాయన.

"మనుషుల మాట వినని తలుపుకి నేను సమ్మతి ఇవ్వలేను సార్."

పన్నెండయింది. నలభై రెండు తలుపులూ పాత తెలివితోనే మేలుకుని ఉన్నాయి. అలా జరగడం అదే మొదటిసారి.

సుగుణ గట్టు మీదికి నడిచింది. ఎనిమిదిమంది ఎండలో నిలబడి నీళ్లవైపు చూస్తున్నారు. వాళ్లలో పెద్దావిడ పక్కకు వెళ్లి, ఈ రోజు తలుపు నిద్రపోవడం లేదని చెప్పింది.

వీరమ్మ కంటిమీద చెయ్యి అడ్డం పెట్టుకునే ఉంది. "వచ్చాం గదమ్మా. ఆ తొమ్మిది నిమిషాలూ సూసే పోదాం."

సుగుణ కూడా ఆమె పక్కన నిలబడి చూసింది.