థాడ్ క్రాస్కో ఇంకో ఏడాది ఆడతాడా?

"ఆయన రిటైర్ అవ్వడండీ. ఎందుకవుతాడు? ఇంటికెళ్తే పలకరించే మనిషి ఉండాలి కదా!"

జనవరిలో ఓ పొద్దున, తన స్పోర్ట్స్ రేడియో షోలో మార్నా డొనెగన్ నోరుజారి అన్న మాట అది. ముందురోజే బఫెలో ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు, కప్పుకి దారితీసే ప్లేఆఫ్స్ పోటీల్లో ఓడిపోయింది. ఊరంతటికీ ఒకటే ప్రశ్న. థాడ్ క్రాస్కోకి ముప్ఫై తొమ్మిదేళ్లు. కుర్రాడిగా వచ్చిన నాటి నుంచి జట్టుకి క్వార్టర్‌బ్యాక్ అతనే. బంతి ముందు అతని చేతికే వస్తుంది, అవతలి జట్టులోని కొండలాంటి మనుషులు వచ్చి పడేదీ అతని మీదే. వచ్చే సీజన్ ఆడతాడా, మానేస్తాడా? మంగలి షాపులో, చర్చి మెట్ల మీద, పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని కూర్చుని కూడా జనం అదే మాట్లాడుకుంటున్నారు.

షో అయ్యాక మార్నా పక్క వీధి బేకరీలో క్యూలో నిలబడింది. వెనక నుంచి ఎవరో అన్నారు.

"పలకరించే మనిషి లేని మాట నిజమే. కుక్క ఉంది. మీ షో విని అది అలిగింది."

తిరిగి చూస్తే థాడ్. టోపీ మీద మంచు కరిగి చెవుల పక్కనుంచి కారుతోంది. టీవీలో కన్నా పొడుగ్గా ఉన్నాడు. టీవీలో కన్నా అలిసిపోయి ఉన్నాడు.

మార్నా మొహం జేవురించింది. "సారీ అండీ. అనకూడని మాట అన్నాను."

"నాకెందుకు? కుక్కకి చెప్పండి."

"స్టూడియోకి తీసుకురండి. లైవ్‌లో చెప్తాను."

అతను నవ్వాడు. చెంప మీది పాత కుట్లు నవ్వుతో పాటు ముడుచుకున్నాయి.

"ఎలాగూ కలిశాం కాబట్టి ఒక్క మాట," అంది మార్నా. "రిటైర్..."

"అది తప్ప ఇంకేదైనా అడగండి. అడగనంటే కాఫీ నేనిప్పిస్తాను."

"సరే, అడగను. ఇవాళ్టికి."

ఆ "ఇవాళ్టికి" ఫిబ్రవరి అంతా సాగింది. పక్కనున్న సరస్సు మీంచి మంచు దుప్పట్లు దుప్పట్లుగా వచ్చి ఊరి మీద పడుతుంటే వాళ్లిద్దరూ కారులో హీటర్ వేసుకుని కబుర్లు చెప్పుకున్నారు. మీరు నుంచి నువ్వులోకి ఎప్పుడు దిగారో వాళ్లకే తెలియదు. పొద్దున రేడియోలో జనం ఫోన్ చేసి "ఏమంటాడు క్రాస్కో?" అని గొంతు చించుకునేవాళ్లు. "నాకేం తెలుసండీ" అనేది మార్నా. అబద్ధం కాదు. ఆమె నిజంగానే అడగలేదు.

మార్నా వాళ్ల నాన్న ఎమ్మెట్ మాత్రం ఊరుకోలేదు. ఈస్టర్ ముందు వచ్చే లెంట్ ఉపవాసాలు మొదలయ్యాక, మాంసం తినని ఓ శుక్రవారం చర్చి హాల్లో చేపల వేపుడుకి ముగ్గురూ వెళ్లారు. ఎమ్మెట్ పింఛను పుచ్చుకుంటున్న స్టీలు మిల్లు మనిషి. పుట్టి బుద్ధెరిగాక జట్టు ఒక్కసారైనా కప్పు గెలవడం చూడలేదు.

"ఒక్క ఏడాది బాబూ," అన్నాడు థాడ్ మోచెయ్యి పట్టుకుని. "నీ చెయ్యి ఇంకా ఉక్కులా ఉంది. ఈసారి కొట్టేస్తాం. నేను పోయేలోపు ఒక్కసారి."

"నాన్నా! ఆయన్ని తిననియ్యి."

"తింటూనే వినొచ్చుగా!"

థాడ్ నవ్వుతూ తన కుక్క పాస్టర్ గారి టోపీ ఎత్తుకెళ్లిన కథ చెప్పాడు. ముగ్గురూ పడీపడీ నవ్వారు. ప్లేట్లు తీసేసి కేకు తెచ్చుకున్నాక అతను మళ్లీ అదే కథ మొదలుపెట్టాడు. అవే మాటలు, అవే చోట్ల అదే నవ్వు. ఎమ్మెట్ కూడా నవ్వాడు, మర్యాద కోసం. మార్నా మాత్రం చెంచా కింద పెట్టేసింది.

మరుసటి ఆదివారం అతను మార్నా వాళ్లింటికి భోజనానికి రావాలి. ఎంతసేపటికీ రాలేదు. ఫోన్ ఎత్తలేదు. మార్నా కోటు తగిలించుకుని బయటికెళ్తే రెండు వీధుల అవతల అతని కారు కనిపించింది. ఇంజను నడుస్తోంది. స్టీరింగు రెండు చేతులా పట్టుకుని అద్దంలోంచి ముందుకి చూస్తున్నాడు. ఆ వీధికి అతను ఎన్నోసార్లు వచ్చాడు. అసలు అతను పుట్టి పెరిగింది ఆ పేటలోనే.

ఆమె అద్దం మీద తట్టింది.

"మంచులో వీధి పేర్ల బోర్డులు కనబడట్లేదు," అన్నాడు.

బోర్డుల మీద మంచు లేదు. ఇద్దరూ చూశారు. ఆమె పక్క సీట్లో కూర్చుని ఇంటికి దారి చెప్పింది.

అతను వెళ్లాక మార్నా వంటింట్లో కూలబడి ఏడ్చింది. నాన్న వచ్చి తల నిమిరితే జరిగింది చెప్పేసింది. "ఎవరితోనూ అనకు నాన్నా" అంది. ఎమ్మెట్ మాటిచ్చాడు. ఆ మాట మీదే నిలబడాలనుకున్నాడు కూడా. కానీ బారులో పాత స్నేహితులు "మీ అమ్మాయికి తెలిసే ఉంటుంది, ఆడతాడా లేదా?" అని పీక్కుతింటుంటే, బెంగ కొద్దీ ఒకడి చెవిలో ఊదాడు. తెల్లారేసరికి అవతలి రేడియో స్టేషన్లన్నీ అదే మోత: క్రాస్కోకి మతిమరుపట, సొంత పేటలోనే దారి తప్పాడట, చెప్పింది అతని స్నేహితురాలేనట.

మార్నా షో ముగించి బయటికొచ్చేసరికి, స్టూడియో ముందు కార్లు ఆపే చోట థాడ్ నిలబడి ఉన్నాడు. పైన వడగళ్లతో కలిసి వాన.

"మంచి వార్త దొరికింది కదా," అన్నాడు. "నీ షోలోనే చెప్పుకోవాల్సింది. వాళ్లకెందుకిచ్చావు?"

"నేను ఇవ్వలేదు. కానీ మా ఇంట్లోంచే వెళ్లింది. భయమేసి నాన్నకి చెప్పాను. తప్పు నాదే."

"భయమా? దేనికి?"

"నువ్వు దారి తప్పినందుకు కాదు. బోర్డుల మీద మంచు ఉందన్నావు చూడు, అందుకు."

అతను కారు తలుపు తీశాడు. "ఎక్కు. ఒకరిని చూపిస్తాను."

గస్ హోల్బీ ఒకప్పుడు జట్టు సెంటర్. వంగి, కాళ్ల సందులోంచి థాడ్ చేతికి బంతి అందించేవాడు. ఏళ్ల తరబడి థాడ్ మీదికొచ్చిన దెబ్బల్ని ముందు తన తలతో ఆపినవాడు. వాళ్లు వెళ్లేసరికి అతని భార్య ఎడ్నా మెడకి తువ్వాలు కట్టి సూపు తాగిస్తోంది. వయసు యాభై లోపే.

గస్ థాడ్‌ని ఎగాదిగా చూశాడు. "టీవీ బాగుచెయ్యడానికొచ్చావా?"

"అవునండీ," అన్నాడు థాడ్. టీవీ వెనక్కి వెళ్లి, వంగి, ఊరికే తీగలు కదిపాడు. అతని భుజాలు కదలడం మార్నాకి కనిపించింది.

ఎడ్నా ఆమెని వంటింట్లోకి పిలిచింది. "ఆఖరి సీజన్‌కి ముందు ఈయన నన్నడిగాడమ్మా, ఆడనా మాననా అని. ఇంట్లో కూర్చుంటే నీకు తోచదులే, ఆడు అన్నాను. థాడ్ అడిగితే నువ్వేం చెప్తావో నాకు తెలీదు. ఒకటి మాత్రం విను. ఈయనంటే నాకు ప్రాణం. అయినా కొన్ని రోజులు సరుకులు తెచ్చి, కారులోనే కూర్చుండిపోతాను. లోపలికి రావాలనిపించదు. అది తెలుసుకునే దిగు."

తిరిగొస్తూ థాడ్ కారు పక్కకి ఆపాడు.

"డాక్టరేమన్నాడో చెప్పనా? తలకి తగిలిన దెబ్బల వల్లేనట ఇది. ఆపేస్తే ఇలాగే ఉండొచ్చట, ఉండకపోనూవచ్చట. ఆడితే మాత్రం గస్ దారేనట. ఇది తెలిసి కూడా పొద్దున్నే లేచి బంతి పట్టుకుంటున్నాను మార్నా. అది లేకపోతే నేనెవర్ని? నువ్వు చెప్పు. మానెయ్యమంటే మానేస్తాను."

"చెప్పను. నేను మానెయ్యమంటే సీజన్ మొదలయ్యే ప్రతి సెప్టెంబరులోనూ నన్ను తిట్టుకుంటావు."

"పోనీ వెళ్లిపో. ఇప్పుడే. నేనేమీ అనుకోను."

"అదీ చెయ్యను. నువ్వంటే ఇష్టం థాడ్. ఆడినా ఇష్టమే, మానినా ఇష్టమే. ఆడితే మాత్రం చూడ్డానికి రాను. అది నా వల్ల కాదు."

అతను స్టీరింగు మీద నుదురు ఆనించాడు. ఆమె అతని మెడ మీద చెయ్యి వేసి, అలా ఉండిపోయింది.

మే నెలలో జట్టు ఆఫీసులో విలేకరుల సమావేశం పెట్టాడు. హాలు కిటకిటలాడిపోయింది. మూడో వరసలో మార్నా. థాడ్ కాగితం లేకుండా మొదలుపెట్టాడు. అమ్మకి, తోటి ఆటగాళ్లకి కృతజ్ఞతలు చెప్పాడు. "అందరికన్నా ముందు నన్ను నమ్మి ఈ ఊరికి ఆడించిన కోచ్..." అన్నాడు. ఆగాడు.

కెమెరాలు టకటకమన్నాయి. ఆ పేరు హాల్లో అందరికీ తెలుసు. మార్నా నాలిక మీదే ఉంది. పళ్లు బిగబట్టింది.

"ఆయన పేరు గుర్తు రావట్లేదు," అన్నాడు థాడ్ మెల్లగా. "అందుకే ఆట మానేస్తున్నాను."

నాలుగు నెలలుగా ప్రశ్నలతో ఊపిరాడనివ్వని విలేకరుల్లో ఒక్కరూ చెయ్యెత్తలేదు.

ఆ సాయంత్రం ఎమ్మెట్ వాకిట్లోనే ఎదురొచ్చాడు. కళ్లు వాచి ఉన్నాయి. "నా నోరు తెగిపడా. నీ పరువు బజార్న పెట్టాను బాబూ."

"మీరు చెప్పకపోతే ఇంకో ఏడాది దాచేవాణ్ణి ఎమ్మెట్ గారూ."

"కప్పు చూద్దామనుకున్నాను."

"నేనూనూ."

ముసలాయన అతన్ని గట్టిగా వాటేసుకున్నాడు. "రా లోపలికి. ఇక నుంచి ఇది నీ ఇల్లే. దారి తెలియకపోతే ఫోన్ చెయ్యి, నేనొచ్చి తీసుకొస్తాను."

సెప్టెంబరులో మొదటి ఆదివారం. థాడ్ ఇల్లు స్టేడియానికి దగ్గరే. అతని చోట వచ్చిన కొత్త కుర్రాడు విసిరిన బంతి ఎవరో అందుకున్నట్టున్నారు, జనం హోరు కిటికీ అద్దాల్ని వణికించింది. థాడ్ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. మార్నా సింకు దగ్గర గిన్నెలు కడుగుతోంది.

"బాధగా ఉందా?"

"ఉంది. చాలా." ఇటు తిరిగి, "మార్నా, పెళ్లెప్పుడు?"

"ఎవరిది?"

"మనదే."

ఆమె చేతులు నీళ్లలోనే ఆగిపోయాయి. పెళ్లి మాట వాళ్ల మధ్య ఇంతవరకూ రాలేదు. కాదనకుండా, గట్టిగా అనకుండా మాట్లాడమని డాక్టరు చెప్పింది గుర్తు తెచ్చుకుని, గొంతు సవరించుకుంది.

"మనం... ఇంకా ఏమీ అనుకోలేదు థాడ్."

"తెలుసు. మర్చిపోయి అడగట్లేదు. మొదటిసారి అడుగుతున్నాను."

తడి తువ్వాలు వెళ్లి అతని మొహానికి తగిలింది. "చచ్చినోడా! ప్రాణం పోయిందనుకో!"

"అంటే ఒప్పుకున్నట్టేనా?"

"ఒప్పుకున్నాను," అంది ఏడుస్తూ, నవ్వుతూ.

అతను దగ్గరకొచ్చి ఆమె తడి చేతులు పట్టుకున్నాడు. నవ్వు మొహంలోంచి జారిపోయింది. "రేపెప్పుడో మర్చిపోయి మళ్లీ అడిగితే?"

"మళ్లీ ఒప్పుకుంటాను," అంది మార్నా.