ఎలా అరుస్తోందండీ?

పొద్దున ఏడు కూడా కాలేదు. మెకానిక్ ఫోను అప్పటికి మూడోసారి మోగింది. నోట్లోంచి బ్రష్షు తీసి, సింకులో ఉమ్మి, ఫోను చెవికి ఆనించుకున్నాడు.

"ఎలా అరుస్తోందండీ? గరగరా, టకటకా?... ఆఁ, బట్టలు పిండేటప్పుడేనా?... ఏదీ, ఓసారి తిప్పి ఫోను దాని దగ్గర పెట్టండి." కళ్ళు మూసుకుని విన్నాడు. "టకటకే. డ్రమ్ము కిందికి ఏ బొత్తామో జారింది. భయమేం లేదు, పదకొండుకల్లా వస్తా."

ముప్పై ఏళ్ళుగా వాషింగ్ మిషన్లు బాగుచేస్తున్నాడు. సగం ఊరి ఫోన్లలో అతని నంబరుంది, ఒక్కరి ఫోన్లోనూ అతని పేరు లేదు. 'మిషన్ మెకానిక్' అని ఉంటుంది, అంతే. అది తలుచుకున్నప్పుడల్లా అతనికి ఒళ్ళు మండేది. ఇంట్లోవాళ్ళ మీద విసుక్కునేవాడు.

వంటగది బల్ల దగ్గర కూతురు లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. పక్కన కాఫీ చల్లారి మీగడ కట్టింది. ఎనిమిది నెలల కిందట లక్షణమైన ఉద్యోగం మానేసి, కాలేజీ స్నేహితురాలితో కలిసి కంపెనీ పెట్టింది. ఇంట్లో వాషింగ్ మిషన్ చెడిపోతే ఫోన్లో నొక్కగానే మెకానిక్ వచ్చే యాప్. అది జనంలోకి వచ్చి ఇరవై రోజులైంది. ఫోన్లలోకి దించుకున్నవాళ్ళు నాలుగొందల మంది. మెకానిక్‌ను పిలిచినవాళ్ళు ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరు వాళ్ళమ్మే.

"రేపు శుక్రవారం," అంది తల్లి కొత్త కాఫీ కప్పు పెడుతూ. "మీ పాత మేనేజరుకి ఏం చెప్తావ్? పాపం, నీ సీటు ఇంకెవరికీ ఇవ్వకుండా పెట్టాడట. రేపు దాటితే ఇక మన చేతిలో ఉండదు."

కూతురు జవాబు చెప్పేలోపే, బల్ల మీద స్పీకరులో పెట్టి ఉన్న ఆమె ఫోన్లోంచి స్నేహితురాలి గొంతు వినబడింది. "ఒసేయ్, మొదటి పేజీ నీలం వద్దే, ఆకుపచ్చ చేద్దాం. ఇంకో రెండు ఫీచర్లు కూడా పెడితే జనం ఆగుతారు."

మెకానిక్ పగలబడి నవ్వాడు. "ఆకుపచ్చట! దాన్ని చూసి మిషన్ దానంతటదే బాగైపోద్ది కాబోలు! కంపెనీ బొమ్మ గీయడానికే రెణ్ణెల్లు పట్టింది. రంగులకి ఇంకో రెణ్ణెల్లు కానియ్యండి."

కూతురు ఫోను పెట్టేసింది. లాప్‌టాప్ మూత ఠపీమని మూసింది. "నవ్వు నాన్నా, నవ్వు. రేపు వెళ్ళి చేరిపోతాను. ఇప్పుడు నీకు సంతోషమేనా?"

ఆ మాటకి అతనికి సంతోషమే కలగాలి. ఎనిమిది నెలలుగా తను చెబుతున్నదీ అదే. కానీ అదేం చిత్రమో, కోపం తన్నుకొచ్చింది.

"నా సంతోషంతో నీకేం పని? ఈ గోడకి అటు నువ్వు, ఇటు నేను. పొద్దస్తమానం మిషన్ల గోలే నీది. ఎక్కడెక్కడి వాళ్ళనో అడిగావ్. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నన్నడిగావా? చదువుకోని తండ్రిని అడగడం నామోషీ అయిందా?"

"ఏమండీ, ఇక ఊరుకోండి," అంది భార్య.

"అడిగాను," అంది కూతురు.

గొంతు పెంచలేదు. అందుకే ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"ఉద్యోగం మానేసిన మొదటి ఆదివారం. నువ్వు బాల్కనీలో బెల్టులు సర్దుకుంటున్నావ్. పదహారు ప్రశ్నలు రాసుకుని, నోటుబుక్కు పట్టుకుని నీ దగ్గరికే వచ్చాను. మొదటి ప్రశ్న పూర్తవలేదు. 'ఏడో తరగతిలో బడి మానేసినోణ్ణి, నాకేం తెలుసమ్మా! పెద్ద చదువులోళ్ళు బోలెడుమంది ఉన్నారుగా, పోయి వాళ్ళనడుగు' అన్నావ్. వెళ్ళి వాళ్ళనే అడిగాను నాన్నా. మిషన్లు నలభై రెండు రకాలుగా చెడిపోతాయని చెప్పారు. ఆ నలభై రెండూ యాప్‌లో పెట్టాను."

మెకానిక్‌కి గుర్తొచ్చింది. నోటుబుక్కు అట్ట పసుపు రంగుది. వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోతున్న కూతురి జడ కూడా గుర్తొచ్చింది. 'నాకేం తెలుసు' అన్నది అతనికి ఊతపదం. ఎదుటివాడు తనని తక్కువ చేసేలోపు తనే తక్కువ చేసుకుంటే నొప్పి తెలియదని ఎప్పుడో కనిపెట్టాడు. ఆ మాట వెళ్ళి కన్నకూతురి ముఖాన తలుపులా పడిందని ఇప్పటిదాకా తెలియలేదు.

బాల్కనీలోకి వెళ్ళి కాసేపు నిలబడ్డాడు. తిరిగొచ్చి, గీతలుపడ్డ తన పాత ఫోను కూతురి ముందు పెట్టాడు.

"రేపటికి ఇంకా ఒక రోజుంది. ఇవాళ ఈ ఫోను నీది. ఎవరు చేసినా నువ్వే ఎత్తు. ఆ నలభై రెండూ వాళ్ళకి చదివి వినిపించు."

"ఎందుకు?"

"ఎత్తవే తల్లీ. నేను చెబితే పాఠంలా ఉంటుంది. నువ్వే వినాలి."

పది నిమిషాల్లో మోగింది. అవతల, బడి నుంచి రిటైరైన ఓ పంతులమ్మ.

"మిషన్ మూలుగుతోందయ్యా, ఒంట్లో బాగాలేనట్టు!"

"నమస్కారమండీ, మెకానిక్ గారమ్మాయిని. సమస్య ఏమిటో చెప్పండి. డ్రెయిన్ పంపు జామా? బెల్టు వదులైందా? బేరింగు అరిగిందా? మోటారు..."

"అదంతా తెలిస్తే మీకు ఫోనెందుకు చేస్తానమ్మా?" అంది పంతులమ్మ.

తండ్రి పక్కనుంచి మెల్లగా అందించాడు. "నీళ్ళు లోపలే నిలబడ్డాయేమో అడుగు."

అడిగింది. నిలబడ్డాయి.

"ఐతే పంపుకి ఏదో అడ్డం పడింది," అన్నాడు. "నీ జాబితాలో ఉందా అది?"

"ఉంది. పదిహేడోది." ఆమె గొంతు నీరసంగా వచ్చింది. "ఎవరు నొక్కుతారు నాన్నా దాన్ని?"

పంతులమ్మ ఇంటికి స్కూటరు మీద వెళుతుంటే అతను ఎన్నడూ చెప్పని సంగతి చెప్పాడు. ముందుకే చూస్తూ చెప్పాడు. కూతురి ముఖం చూస్తూ చెప్పే ధైర్యం అతనికి లేదు.

"నువ్వు పుట్టకముందు నేనూ ఒక కంపెనీ పెట్టాను. విడిభాగాల షాపు. అద్దాల తలుపులు, చుట్టూ దీపాలు. బోర్డు రాయించడానికే మూడు నెలలు తిరిగాను, ఏ అక్షరం నచ్చక. ఏ సామాను కావాలో ఒక్క మెకానిక్‌నీ అడగలేదు. నాకే అన్నీ తెలుసనుకున్నా. ఆర్నెల్లకి మూసేశాను. కొన్నాళ్ళు లోకాన్ని తిట్టుకున్నాను, ఆ తర్వాత నా చదువుని. ఆ బోర్డుని మాత్రం ఏనాడూ తిట్టుకోలేదు."

వెనకనుంచి కూతురు అతని భుజం మీద చెయ్యి వేసింది.

పంతులమ్మ ఇంట్లో మిషన్ కింద మూత విప్పితే బిందెడు నీళ్ళతోపాటు ఒక జడపిన్ను, పసిపిల్ల మేజోడు బయటికొచ్చాయి. "ఇదిగో దొంగ!" అంది పంతులమ్మ మేజోడు రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని. "ఈ మేజోడు కోసం మా మనవరాలు వారం రోజులు ఇల్లు పీకి పందిరేసింది." వాళ్ళు బయల్దేరేటప్పుడు మెకానిక్ కూతుర్ని పక్కకి పిలిచింది. "నీ నంబరు ఇచ్చి వెళ్ళమ్మా. వచ్చేసారి నీకే చేస్తా. మీ నాన్న పని బంగారం కానీ, మాట కొరడా."

సాయంత్రానికి తొమ్మిది ఫోన్లు వచ్చాయి. తొమ్మిదీ కూతురు పసుపు అట్ట నోటుబుక్కులో రాసుకుంది, వాళ్ళ మాటల్లోనే. ఏనుగు నడిచినట్టుంది. గురక పెడుతోంది. ఉలుకూ పలుకూ లేదు. ఒక్కరంటే ఒక్కరు భాగం పేరు చెప్పలేదు.

ఇంటికి రాగానే స్నేహితురాలికి ఫోను చేసింది. "ఆకుపచ్చా వద్దు, నీలమూ వద్దు. ఆ నలభై రెండూ తీసెయ్. 'మీ మిషన్ ఎలా అరుస్తోంది?' అని ఒకే ప్రశ్న పెట్టు. కింద చప్పుడు రికార్డు చేసే బటన్ ఒక్కటి. మెకానిక్‌ని యాప్ వెతకక్కర్లేదు, కొన్నాళ్ళు మనమే విని, మనమే ఫోన్ చేసి పంపుదాం."

"అంతా చేత్తోనా? మరి ఇన్నాళ్ళు రాసిన ప్రోగ్రామ్?"

"దాచిపెట్టు. చేత్తో చేయలేనంత మంది వచ్చిన రోజు బయటికి తీద్దాం. రేపు పొద్దున్నే ఇక్కడికి రా, నువ్వూ ఇళ్ళకి తిరగాలి. చెప్పులు గట్టివి వేసుకో."

తల్లి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. కళ్ళు చెమర్చాయి. "ఐతే ఉద్యోగం వద్దన్నమాట. ఇలా ఎన్నాళ్ళే? దేనికైనా ఒక హద్దుండాలి కదా."

ఆ ప్రశ్న న్యాయమైనదని మెకానిక్‌కి అనిపించింది. ఇన్నాళ్ళూ తను వెక్కిరించాడే కానీ ఆ ప్రశ్న సరిగ్గా వేసింది భార్యే.

"యాభై ఇళ్ళు," అన్నాడు. "మూడు నెలలు. దించుకున్నోళ్ళ లెక్క నాకు చెప్పొద్దు. ఆ యాభై మందిలో ఎంతమంది మళ్ళీ పిలిచారు, ఎంతమంది పక్కింటికి నీ నంబరిచ్చారు, అది చూద్దాం. పదిమంది కూడా లేకపోతే నేనే స్కూటరెక్కించి ఆఫీసు గుమ్మంలో దింపి వస్తా. సరేనా?"

"సరే," అంది కూతురు.

"నన్నడగరేం?" అంది తల్లి కళ్ళు తుడుచుకుంటూ. "నేనూ మీ కస్టమర్నే. మొత్తం ఇద్దరిలో ఒకదాన్ని!"

ముగ్గురూ నవ్వారు. ఆ ఇంట్లో ముగ్గురూ కలిసి నవ్వి చాలా కాలమైంది.

శుక్రవారం పది గంటలకి కూతురు మేనేజరుకి ఫోను చేసి, రాలేనని మర్యాదగా చెప్పింది. తర్వాత స్కూటరు తాళం తీసుకుంది.

ఆరో వారం. పొద్దున ఏడు కాలేదు. మెకానిక్ నోట్లో బ్రష్షు ఉంది. అతని ఫోను బల్ల మీద నిశ్శబ్దంగా ఉంది. మోగింది కూతురిది. నోటుబుక్కులో అప్పటికి ముప్పై ఒక్క ఇళ్ళు, వాటిలో మళ్ళీ పిలిచారనో, పక్కింటికి నంబరిచ్చారనో ఎర్ర సిరాతో చుట్టినవి పన్నెండు.

"ఎలా అరుస్తోందండీ?" అంటోంది కూతురు. అచ్చం అతని గొంతే, అతని విరుపే. "పంతులమ్మగారు నంబరిచ్చారా? ఆహా... ఏదీ, ఓసారి తిప్పి ఫోను దాని దగ్గర పెట్టండి."

ఆమె కళ్ళు మూసుకుని వినడం సింకు దగ్గర్నుంచి చూస్తూ నిలబడిపోయాడు. కాసేపటికి ఆమె కళ్ళు తెరిచి, ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"నాన్నా, గరగరే అనిపిస్తోంది, కానీ మధ్యలో చిన్నగా కీచుమంటోంది. బేరింగా, బెల్టా? నువ్వేమంటావ్?"

"నాకేం తె..."

మాట సగంలోనే ఆగిపోయింది. నోట్లోంచి బ్రష్షు తీసేశాడు. చొక్కా అంచుతో మూతి తుడుచుకుని, వచ్చి కూతురి పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఏదీ, ఇలా పెట్టు. మళ్ళీ ఓసారి తిప్పమను."