అడగకుండా వేసిన నింద

ఆవిడ యూనిఫాం చొక్కా గుండీలు పెట్టుకుంటుండగా ఫోన్ మోగింది. డిపో సూపర్‌వైజరు.

"అమ్మా, ఈరోజు బండి తీయకండి. ఒకసారి వచ్చి నన్ను కలవండి."

పద్నాలుగేళ్ళుగా స్కూలు బస్సు నడుపుతోంది. పిల్లలందరికీ ఆవిడ బస్సమ్మ. ఒక్క పూట ఆలస్యంగా వెళ్ళిన మనిషి కాదు.

డిపోలో సూపర్‌వైజరు ఆవిడ మొహంలోకి చూడకుండా, తాగిందీ లేనిదీ తేల్చే గొట్టం అందించాడు. ఊదింది. సున్నా.

"నేను తాగుతానని ఎవరు చెప్పారండీ?"

"పిల్లలతో పని కదమ్మా, పట్టించుకోకుండా ఉండలేం..." నసిగాడాయన. "మీ ఇంట్లోంచే ఫోన్ వచ్చింది."

ఇంట్లో ఉండేది ఇద్దరే. తనూ, కూతురూ.

తిరిగొచ్చేసరికి కూతురు ఆఫీసుకి తల దువ్వుకుంటోంది.

"ఫోన్ చేసింది నువ్వేనా?"

కూతురు దువ్వెన కింద పెట్టింది. "నేనే. నీ బీరువాలో రిపోర్టు చూశాను. లివర్ సిరోసిస్ అని ఉంది. నాన్నని తీసుకుపోయిందీ అదే! నీకూ ఆ నీరసం, తిండి సయించకపోవడం, ఆ దురద... అన్నీ అవే. ఆయనా చివరిదాకా తాగట్లేదనే చెప్పాడు. రేపు బస్సులో పిల్లలకేమన్నా అయితే?"

బస్సమ్మ మంచం మీద కూలబడింది.

"మీ నాన్న కక్కిన దుప్పట్లు ఉతికానే నేను. మందు వాసనొస్తే ఇప్పటికీ ఆమడ దూరం పోతాను. ఊరంతా అనుకున్నా ఊరుకునేదాన్ని. నా కడుపున పుట్టినదానివి, నన్నొక్క మాట అడగలేకపోయావా?"

"అడిగితే నిజం చెప్తారన్న నమ్మకం ఈ ఇంట్లో నాకెప్పుడుంది? రిపోర్టు దాచింది నువ్వు కాదా?"

ఆ మాట చురుక్కుమంది. దాచింది నిజమే. "ఆ పేరు వింటే నువ్వు హడలిపోతావని దాచాను."

రిపోర్టు తీసుకుని, కూతురి చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కుపోయింది.

డాక్టరమ్మ రిపోర్టు తిరగేసింది. "తాగుడూ కాదు, కామెర్ల వైరస్సూ కాదు. ఏళ్ళ తరబడి షుగరు, కూర్చుని చేసే పని, పెరిగిన బరువు. కొవ్వు కాలేయంలో చేరి, చప్పుడు లేకుండా మచ్చలు కట్టింది. ఒకప్పుడు ఈ జబ్బంటే తాగుడే అనుకునేవాళ్ళం. ఇప్పుడు నా దగ్గరికి చుక్క ముట్టనివాళ్ళు ఏటేటా ఎక్కువగా వస్తున్నారు."

"తగ్గుతుందా?" అడిగింది కూతురు.

"ఉన్న మచ్చలు పూర్తిగా పోవు. బరువు తగ్గి, షుగరు అదుపులో పెట్టుకుంటే ముదరకుండా ఆపొచ్చు. ప్రస్తుతానికి బస్సు నడపడానికి ఇబ్బంది లేదు."

మర్నాడు పొద్దున్నే కూతురు డిపోకి వెళ్ళింది. డ్రైవర్లందరి ముందూ నిలబడి చెప్పింది: "మా అమ్మ తాగదు. జబ్బు పేరు చూసి, ఆవిణ్ణి అడక్కుండా నేనే నింద వేశాను."

బస్సమ్మ అటు తిరిగి చూడలేదు. తాళాలు తీసుకుని బండెక్కి ఇంజను వేసింది. కాసేపటికి తలుపు తెరుచుకుంది.

"ఎక్కు. మీ ఆఫీసు దారిలోనేగా."

కూతురు వెనక సీట్లో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది.

"నా మనసు కుదుటపడ్డానికి టైం పడుతుంది," అంది తల్లి రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "ముందు కళ్ళు తుడుచుకో. మొదటి స్టాపు వచ్చేస్తోంది, పిల్లలు చూస్తే బెంబేలెత్తిపోతారు."

అంటూనే తన కళ్ళూ తుడుచుకుంది.